పసుపుతాడు పక్కన

నేను ఈలను. పచ్చరంగు ప్లాస్టిక్ ఈలను. కడుపులో బఠాణీ గింజంత బెండు గోళీ, నెత్తిన ఒక చీలిక, మెడకో నల్లతాడు, ఇంతే నా ఆస్తి. నాకంటూ గొంతు లేదు. ఎవరు ఊదితే వాళ్ళ ఊపిరే నా గొంతు. మార్కాపురంలో ఏడెనిమిదేళ్ళు నాకు ఒకే మనిషి ఊపిరి దొరికింది. ఆమె బండి తోసే వీధుల్లో పిల్లలు ఆమెను ఈలమ్మ అంటారు. అసలు పేరు మస్టరులో ఉంది, రేషను కార్డులో ఉంది. నాకు దాంతో పని పడలేదు.

ఆమె మెడలో నాకంటే ముందునుంచీ ఇంకో తాడుంది, పసుపుతాడు. ఇద్దరం పక్కపక్కనే. ఆమె వంగి చెత్త ఎత్తినప్పుడల్లా పుస్తెలు వచ్చి నాకు తగులుతాయి. నా పొట్ట మీది గీతలన్నీ వాటివే. ఆ తాడు కట్టినాయన హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉంటాడు, పండగలకు వస్తాడు. ఈ పడమటి మెట్టలో వానలు మొహం చాటేస్తే మొగవాళ్ళు హైదరాబాదుకో బెంగళూరుకో బస్సెక్కడం కొత్తేమీ కాదు. కాబట్టి పసుపుతాడు బరువూ నా బరువూ ఒక్క మెడే మోసింది.

నా వంశం గొప్ప చెప్పుకోవాలంటే చాలానే ఉంది. 1883లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ హడ్సన్ అనే ఆయన లండను పోలీసులకు ఈల చేసిచ్చాడు. మరుసటి ఏడే గోళీ ఈల వచ్చింది. రిఫరీలూ రైలు గార్డులూ ఊదింది మావాళ్ళనే. నేను మాత్రం చెత్తకు పుట్టాను. 2016లో కేంద్రం ఘన వ్యర్థాల నియమాలు తెచ్చింది: తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు, ఇంట్లోని ప్రమాదకరమైన చెత్త వేరు, గడప దగ్గరే విడివిడిగా తీసుకోవాలి అని. గడప దగ్గర తీసుకోవాలంటే ముందు గడపను నిద్ర లేపాలి కదా. అందుకు నేను. తైవాన్‌లో చెత్త లారీ బీథోవెన్ సంగీతం మోగిస్తూ వస్తుందట. మా ఊళ్ళో బీథోవెన్‌ను మించిన పని నా గోళీ చేసింది. నన్ను విని ఎవరూ మైమరచిపోలేదు, బకెట్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

తెల్లారి మూడున్నరకు ఆమె లేస్తుంది. పొయ్యి వెలిగించి, అన్నం వార్చి, పప్పో పులుసో చేసి, పిల్లలిద్దరి డబ్బాలు సర్ది మూత పెడుతుంది. వీధులూడ్చే మనిషి కదా, ఇంటి ముందు ఊడ్చుకోవడం మానేస్తుందేమో అనుకునేవాణ్ణి. మానదు. ముంగిట పరిచిన పలకరాతి ముక్కల మీద ఒక్క చెంబెడు నీళ్ళు చల్లి, నాలుగు గీతల ముగ్గు పెట్టి, అప్పుడు నన్ను మెడలో వేసుకుంటుంది. అయిదింటికి మస్టరు. ఇప్పుడు ఫోనుకు మొహం చూపించాలి, తలగుడ్డ తీసి, చీకట్లో, దీపం కిందికి జరిగి. వెనకటి వేలిముద్ర మిషను ఇంకా మొండిది. చీపురు కర్ర పట్టి పట్టి అరిగిన వేళ్ళలో దానికి మనిషే కనపడేది కాదు. రోడ్డు మొత్తం ఊడ్చి వచ్చినా, వేలు పలక్కపోతే ఆ పూట రానట్టే. ఆ మాట మేస్త్రీ చెప్పినప్పుడు ఆమె తీసిన ఊపిరి నాకింకా గుర్తుంది. ఊదడానికి తీసింది కాదు అది.

ఊపిరంటే గుర్తొచ్చింది. గడియార స్తంభం దగ్గర గుక్క తిప్పుకోకుండా మూడుసార్లు నన్ను ఊదిందంటే రాత్రి నిద్ర పట్టిందని లెక్క. ఊదుడు మధ్యలో తెగితే పిల్లాడికి జ్వరం. ఉల్లిపాయ వాసనొస్తే సద్దన్నం తిని వచ్చింది, ఏ వాసనా లేకపోతే ఏమీ తినకుండా వచ్చింది. మొదటి వారం జీతం పడనప్పుడు ఊపిరి పొట్టిదైపోతుంది, ఎందుకో మరి. పలకల మిల్లుల పక్క వీధుల్లో బూడిదరంగు పొడి నా గోళీకి అంటుకుని గొంతు బొంగురుపోయేది. ఆమె కొంగుతో తుడిచి, రెండు చుక్కలు నీళ్ళు పోసి విదిలిస్తే బాగైపోయేవాణ్ణి. ఒకప్పుడు బడి పలకంటే మార్కాపురం పలకే అన్నంత పేరు ఈ రాయిది. ఆ మిల్లుల్లో ఒకదాంట్లో చేసిన ఆమె నాయన మాత్రం దగ్గి దగ్గి పోయాడు. ఆ ఊపిరితిత్తులను విదిలించి కడిగే వీలు లేకపోయింది.

పదకొండుకు మొదటి పూట అయిపోతుంది. మళ్ళీ రెండింటికి రావాలి. మధ్యలోని ఆ మూడు గంటలే ఆమె సంసారం. బట్టలు, అంట్లు, అత్తకు మందు బిళ్ళలు, డ్వాక్రా కిస్తీ, పిల్ల జడలోని పేలు, అన్నీ ఆ మూడు గంటల్లోనే. అందులో సగం నీళ్ళు మింగేస్తాయి. మింగేస్తాయంటే తాగేవి కావు, రాని నీళ్ళు. ఇక్కడి బోరునీళ్ళలో ఫ్లోరైడు. సాగరు నీళ్ళు కుళాయిలో ఏ రోజు కనపడతాయో జాతకం చూడాల్సిందే. తాగడానికి క్యాను కొనాలి, వాడుకోవడానికి ట్యాంకరు రావాలి. నల్లమల కొండల కింద 18 కిలోమీటర్లకు పైగా సొరంగాలు తొలిచి కృష్ణ నీళ్ళు తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. ఈలమ్మ పుట్టిందీ ఆ ఏడే. ఆమె పెరిగి, పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లయింది. ట్యాంకరు కోసం బిందె పట్టుకుని నిలబడుతూనే ఉంది.

ట్యాంకరుకు వేళాపాళా లేదు. ఆమె ఊరి చెత్త ఎత్తే వేళకే అది ఆమె వీధి మలుపుకు వస్తుంది. వరసలో బిందెలు కనపడకపోతే ముందుకు పోతుంది. ఇంట్లో ఉండేది అత్త ఒక్కతే. మోకాళ్ళు వంగవు, చేతికర్ర లేకుండా గడప దాటలేదు. నేనామెను అవ్వ అంటాను. అవ్వ కూడా ఒకప్పుడు ఈ పనే చేసింది. ఆమె కాలంలో ఈల లేదు, తట్టా చీపురే. అంతకు ముందు తరం నెత్తికెత్తుకున్నదేంటో అవ్వ నోరు విప్పి చెప్పదు. 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టం చేసి వద్దనాల్సివచ్చిన పని అది.

కరోనా ఏడు నాకు గొంతు పెగల్లేదు. నోటికి గుడ్డ కట్టుకున్న మనిషి ఈల ఎట్లా ఊదుతుంది? గుడ్డ కిందికి లాగితే తప్పు, లాగకపోతే చెత్త బయటికి రాదు. 2020 మార్చి 22 సాయంత్రం అయిదింటికి జనం మేడలెక్కి పళ్ళేలు మోగించారు. మా కోసమేనట. నేను ఆ పూట ఆమె రవికెలో ఉన్నాను. ఆమె మరునాటి బియ్యం ఏరుకుంటోంది.

2023 డిసెంబరు 26న రాష్ట్రంలోని మునిసిపల్ కార్మికులు పని ఆపేశారు. సమాన పనికి సమాన వేతనం కావాలి, ఆప్కాస్ అనే ఔట్‌సోర్సింగ్ సంస్థ కింద కాదు, పర్మినెంటు చేయండి అని. 16 రోజులు నన్ను బియ్యం డబ్బా పక్కన మేకుకు తగిలించింది. పొద్దున వంట చేసి శిబిరానికి పోయేది, సాయంత్రానికి గొంతు పోగొట్టుకుని వచ్చేది. నా ఊపిరంతా నినాదాలకు పోయింది. ఇంట్లో చిల్లర కూడా అయిపోయింది. కిరాణా కొట్టాయన పుస్తకంలో రాసుకుంటూ, “మా వీధిలో వాసన తట్టుకోలేకపోతున్నాం తల్లీ, మీదేమన్నా తేలిందా?” అని అడిగాడట. “నువ్వన్నా అడిగినావు” అనిందట ఈమె. సంక్రాంతికి ముందు చర్చలు ముగిశాయి, 21 వేల రూపాయల వేతనం అన్నారు, పర్మినెంటు మాట పక్కకు పోయింది. పదిహేడో పొద్దున పేరుకుపోయిన గుట్టల మధ్య ఆమె నన్ను ఊదింది. తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. అంత గౌరవం నాకు ముందూ దొరకలేదు, వెనకా దొరకలేదు.

బడి సంగతి చెప్పాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. మేస్త్రీని బతిమాలి రెండు గంటలు అడిగి, పని మధ్యలోంచి అట్లాగే పోయింది. గేటు దగ్గర పిల్ల ఎదురొచ్చి, మెల్లగా, “అమ్మా, అది లోపలేసుకో” అంది. అది అంటే నేను. ఆమె ఏమీ అనలేదు. నన్ను రవికెలోకి దోపుకుంది. పసుపుతాడుకు ఆనుకుని గంటసేపు ఆమె గుండె చప్పుడు విన్నాను. అది చెప్పను. తరవాత అమ్మలకు తాడు లాగే పోటీ పెట్టారు. రోజూ తోపుడు బండి తోసే చేతులవి, ఈమె వైపు వాళ్ళు ఇట్టే గెలిచారు. లాగుళ్ళో నేను బయటికొచ్చి పడ్డాను. “ఒరే, ఈలమ్మ రా! మా వీధికి వస్తది!” అని ఎవడో పిల్లాడు అరిచాడు. నలుగురైదుగురు పిల్లలు ఆమె చుట్టూ చేరి, ఒక్కసారి ఊదమన్నారు. పిల్ల దూరంగా నిలబడి చెప్పు కొనతో మట్టి గీకుతోంది. ఈమె పిల్ల వైపు చూసింది. ఊదలేదు. “డ్యూటీలోనే నాయనా” అని నవ్వింది. ఆ రాత్రి పిల్ల నన్ను తీసి సబ్బుతో కడిగింది, ఎందుకో చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఇక ఆమె నన్ను ఇంట్లో మరిచిపోయిన రోజు. మరిచిపోయిందనడం అన్యాయం. పిల్లాడు ఆడుకుని బియ్యం డబ్బా వెనక పడేశాడు. వెతికింది, మస్టరుకు పొద్దుపోతోందని వట్టి మెడతో పోయింది. సమ్మె రోజులు పోగా నేను వీధికి పోని పొద్దు అదొక్కటే. పగలు ఇల్లెట్లా ఉంటుందో అప్పుడే తీరిగ్గా చూశాను. ఏమీ ఉండదు. పిల్లలు బడికి పోయాక అవ్వ ఒక్కతే వక్కాకు నములుతూ, గోడకు చేరబడి, వీధి వైపు చెవి పెట్టి కూర్చుంటుంది.

పదిన్నరకు మలుపులో ట్యాంకరు హారను వినపడింది. అవ్వ గడపదాకా పాక్కుంటూ వచ్చింది. “ఓ పిల్లా, నీళ్ళొచ్చినాయి!” అని కేకేసింది. ఆ గొంతు పక్కింటి దాకా కూడా పోలేదు. ఉన్నవాళ్ళు టీవీల ముందు ఉన్నారు, లేనివాళ్ళు పనుల్లో ఉన్నారు. అవ్వ వెనక్కి తిరిగింది, కర్ర కోసం బియ్యం డబ్బా వెనక తడుముకుంది, చేతికి నేను తగిలాను. ఒక్క క్షణం నన్ను చూసింది. వక్కాకు నోటితోనే ఊదింది.

ముసలి ఊపిరే గానీ, ఎన్నాళ్ళో దాచుకున్నది. వీధి వీధంతా లేచి వచ్చింది, ప్రతి చేతిలో చెత్త బకెట్టుతో!

“చెత్త బండి యాడ?” అని ఒకామె. “ఈ పొద్దు ఇంత ఆలస్యమేంది?” అని ఇంకొకామె.

“చెత్త గాదు మే, నీళ్ళు! బిందెలు తెండి, బండి పోతాంది!”

అప్పుడు చూడాలి. సగం మంది లోపలికి పరుగు, సగం మంది బయటికి పరుగు. ఒకామె తొందరలో చెత్త బకెట్టే వరసలో పెట్టింది. ఇంకొకామె చెత్త రోడ్డు మీద కుమ్మరించి, అదే బకెట్టు కడిగి నీళ్ళు పట్టింది. ట్యాంకరు డ్రైవరు స్టీరింగు మీద పడి నవ్వాడు. “ఎవురే ఊదింది?” అంటే అందరూ అవ్వను చూపించారు. ఆయనే పైపు లాగి అవ్వ ఇంటి డ్రమ్ములో పెట్టించాడు. రెండువందల లీటర్ల డ్రమ్ము, అంచుదాకా.

పదకొండున్నరకు ఈలమ్మ వచ్చింది. పొద్దుటినుంచీ “చెత్తమ్మా, చెత్తా” అని అరిచి అరిచి గొంతు గీరుకుపోయింది. రోడ్డు మీద చెత్త చూసి తిట్టుకుంటూ ముందు దాన్ని ఊడ్చింది. తన వీధి తన బీటులో లేదు, అయినా ఊడ్చింది. లోపలికొచ్చి అలవాటుగా డ్రమ్ము మూత ఎత్తింది. ఎత్తి, అట్లాగే నిలబడింది.

“ఏందత్తా ఇది?”

అవ్వ నన్ను ఆమె చేతిలో పెట్టింది. వక్కాకు ఎర్రగా అంటుకుని ఉన్నాను.

ఆ మధ్యాహ్నం ఆమెకు నీళ్ళ కోసం పోయే గంటన్నర మిగిలింది. ఆ గంటన్నరలో ఏం చేసిందో అడగండి. నిద్రపోయింది. పగలు ఆమె నిద్రపోవడం నేను చూడటం అదే మొదలు. పసుపుతాడు చెవి దాకా జారిపోయింది.

2025 చివర్లో మార్కాపురం జిల్లా కేంద్రమైంది. పెద్దవాళ్ళ కార్లు పోయే దారుల్లో ఆమె గీసే బ్లీచింగు గీతలు పెరిగాయి. పాట మోగించుకుంటూ తిరిగే చెత్త ఆటోలున్నా, సందుల్లోకి ఇప్పటికీ ఆమె బండీ ఈలే పోవాలి. కానీ ఆ ఈల నేను కాదు. నా నెత్తిన చీలిక పక్కన పగులు వచ్చింది, ఊపిరి సగం అందులోంచే పోతోంది. ఆమెకు నీలం రంగు కొత్త ఈల వచ్చింది. పసుపుతాడు పక్కన ఇప్పుడు అది ఊగుతోంది, దానికీ గీతలు పడుతున్నాయి. తెల్లవారుజామున గాలి ఇటు తిరిగితే గుడి వీధుల వైపునుంచి దాని చప్పుడు ఇక్కడికి వినపడుతుంది. ఊపిరి ఆమెదే, తెలిసిపోతుంది. నిన్న నాలుగుసార్లు గుక్క తిప్పుకోకుండా ఊదింది.

నన్ను గడప పక్కన, అవ్వ చెయ్యి అందేంత ఎత్తులో మేకు కొట్టి తగిలించారు. వీధిలో ఇప్పుడు కట్టుబాటు ఉంది. ఒక ఊదుడైతే చెత్త, రెండు ఊదుళ్ళైతే నీళ్ళు. పగిలిన గొంతే గానీ, ఈ సందుకు చాలు.

అదిగో, మలుపులో ట్యాంకరు గేరు మార్చింది. అవ్వ నోట్లో వక్కాకు ఉంది. ఉమ్మేసే టైము లేదు.