ఒక ఫర్మ్‌వేర్ చాటువుకు టీకా తాత్పర్యం

అవతారిక

గచ్చిబౌలి వైపు ఒక ల్యాబులో, ఆసిలోస్కోపు వెనక గోడకున్న వైట్‌బోర్డు మీద ఈ చాటుపద్యం దొరికింది. కింద ఎర్ర మార్కరుతో 'చెరపవద్దు' అని ఉండబట్టి నాలుగు ప్రాజెక్టులు దాటి బతికిందని వినికిడి. కర్త ఎవరో తెలియదు. పద్యధోరణిని బట్టి కార్ల కంట్రోలర్లకు కోడు రాసే ఎంబెడెడ్ ఇంజినీరనీ, రాసేనాటికి ఎనిమిది తొమ్మిదేళ్ల అనుభవమూ ఒక ఇంటి అప్పూ ఉండి ఉంటాయనీ ఊహించవచ్చు.

ఎంబెడెడ్ ఇంజినీరు అనగా ఎవరు? పెళ్లిపందిట్లో "సాఫ్ట్‌వేరే కదా బాబూ, మావాడి ల్యాప్‌టాప్ కాస్త చూడు" అంటే చూడలేనివాడు. "అయితే హార్డ్‌వేరా?" అంటే అవునని తల ఊపలేనివాడు. వాషింగ్ మెషీనులోనూ కారు బ్రేకులోనూ పేస్‌మేకరులోనూ ఎవరికీ కనబడకుండా కూర్చున్న చిప్పుకు ఏ క్షణాన ఏం చేయాలో చెప్పే కోడు, అంటే ఫర్మ్‌వేరు, రాయడం ఇతని వృత్తి. కనబడే పని కాకపోవడం వల్ల పెళ్లిచూపుల్లో వివరించడం కష్టం.

మూలము

బల్ల మీద నడచి బండిలో మరణించు
పలుకు పెట్ట బగ్గు పారిపోవు
కోడు తప్పొ తీగ కోసుకొన్నదొ యేమొ
తెలియ నేండ్లు పదియు తీరిపోవు

ప్రతిపదార్థము

బల్ల మీద = ల్యాబు బల్లపై, సప్లై పెట్టె ఇచ్చెడు నిలకడయైన 12 వోల్టుల చల్లని నీడలో; నడచి = మేనేజరు చూచుచుండగా తప్పులేక పనిచేసి; బండిలో = కారులో, అందునను క్లయింటు కూర్చున్న కారులో; మరణించు = ఉలుకు పలుకు లేక పడియుండును; పలుకు = ప్రింట్‌ఎఫ్ వాక్యమును; పెట్టన్ = కోడు నడుమ చేర్పగా; బగ్గు = దోషము; పారిపోవు = కనబడక పోవును; కోడు తప్పొ = తాను వ్రాసినదే తప్పో; తీగ = పక్క టీమువారి వైరు; కోసుకొన్నదొ యేమొ = తెగినదో యేమో; తెలియన్ = తేల్చుకొనుటకు; ఏండ్లు పదియు = పది అప్రైజళ్లు; తీరిపోవు = చెల్లిపోవును.

తాత్పర్యము

ల్యాబులో చక్కగా నడిచిన బోర్డు బండెక్కగానే చచ్చిపోతుంది, వెతకబోతే దోషం దాక్కుంటుంది, అది ఎవరి దోషమో పసిగట్టే నేర్పు వచ్చేసరికి యవ్వనం గడిచిపోతుంది అని భావము.

విశేషాలు

మొదటి పాదం అతిశయోక్తి అని కొందరు. కాదు, స్వభావోక్తి. కారు తాళం తిప్పగానే స్టార్టరు మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. చలికాలం తెల్లవారుజామున అదే 12 వోల్టుల బ్యాటరీ ఆ క్షణాన ఆరేడు వోల్టులకు జారుతుంది. చిప్పుకు కళ్లు బైర్లు కమ్మి రీసెట్ అవుతుంది. సరిగ్గా అప్పుడే ఫ్లాష్ మెమరీలో ఏదో రాస్తుండి ఉంటే ఆ రాత సగంలో తెగుతుంది. లేచాక చిప్పు ఆ సగం రాతనే వేదవాక్కుగా నమ్ముతుంది. బల్ల మీది సప్లై పెట్టెకు చలికాలమంటే ఏమిటో తెలియదు కనుక ల్యాబులో ఈ కథ జరగదు.

'మరణించు' అన్నచోట పునర్జన్మ ధ్వనిస్తున్నది. ఇలాంటి చిప్పుల్లో దాదాపు అన్నింటిలోనూ వాచ్‌డాగ్ అనే గడియారం ఒకటుంటుంది. ప్రోగ్రాము గడువులోగా దాన్ని తట్టి 'బతికే ఉన్నాను' అనాలి. అనకపోతే అది నిర్దాక్షిణ్యంగా చంపి మళ్లీ పుట్టిస్తుంది. తాను ఏడుసార్లు చచ్చి పుట్టిన సంగతి బోర్డు ఎవరితోనూ చెప్పదు. లాగ్ ఫైలులో ఒక కౌంటరు పెట్టినవాడికే తెలుస్తుంది.

రెండో పాదం ఈ పద్యానికి ప్రాణం. దోషం వెతకడానికి అక్కడక్కడా ప్రింట్‌ఎఫ్ పెట్టి 'ఇక్కడిదాకా వచ్చాను' అనిపించడం ఆదిమమైన పద్ధతి. ఆ పలుకు సీరియల్ తీగ గుండా సెకనుకు 115200 బిట్ల వేగంతో బయటికి వస్తుంది. ఒక్కో అక్షరానికి పది బిట్లు, అంటే సుమారు 87 మైక్రోసెకన్లు. నలభై అక్షరాల వాక్యం పలకడానికి మూడున్నర మిల్లీసెకన్లు పడుతుంది. మనిషికిది లెక్కలోది కాదు, చిప్పుకు ఒక పూట. నడుమ దూరే ఇంటరప్టుకూ ఎడతెగక తిరిగే మెయిన్ లూపుకూ రెండు మూడు మైక్రోసెకన్ల తేడాలో జరిగే గొడవ అయితే, వాటిలో ఒకదాన్ని మూడున్నర మిల్లీసెకన్లు మాటల్లో పెట్టేసరికి గొడవే జరగదు. ప్రింటు తీస్తే మళ్లీ మొదలు. విసిగి, ఆ ప్రింటును అలాగే ఉంచి పైన 'తీయొద్దు' అని కామెంటు రాసి ప్రొడక్షనుకు పంపిన మహానుభావులు ప్రతి కంపెనీలోనూ ఉన్నారు.

అనుభవజ్ఞుడు పలకనివ్వడు. ఖాళీగా ఉన్న పిన్ను ఒకదాన్ని అనుమానమున్న చోట పైకెత్తి, దాటగానే దించమంటాడు. అది మైక్రోసెకనులో పదో వంతు పని. ఆసిలోస్కోపు ప్రోబు ఆ పిన్నుకు తగిలించి, అనుమానమున్న ఇంటరప్టుకు ఇంకో పిన్నూ ఇంకో ప్రోబూ ఇచ్చి, తెర మీద రెండు గీతలు ఒకదాన్నొకటి ఎక్కడ తొక్కుతున్నాయో చూస్తాడు. ఇంటర్వ్యూలో సీ భాషలో 'వోలటైల్ అంటే ఏమిటి' అని అడిగే బదులు ఒక ప్రోబు చేతికిచ్చి చూడమంటే పది నిమిషాల్లో మనిషి తెలుస్తాడని ఈ వ్యాఖ్యాత మతం. ఎవరూ వినరు. వోలటైల్ ప్రశ్న మాత్రం ఊరూరా అడుగుతూనే ఉన్నారు.

మూడో పాదం మీద రెండు మతాలున్నాయి. 'మీ కోడే' అనేది హార్డ్‌వేర్ మతం, 'మీ బోర్డే' అనేది ఫర్మ్‌వేర్ మతం. ఇరువురికీ చిప్పు మాన్యువలే శ్రుతి. చిప్పు చేసినవాళ్లే తమ తప్పులు ఒప్పుకుంటూ విడిగా వేసే ఎరాటా కాగితం స్మృతి. శ్రుతిస్మృతులకు విరోధం వస్తే శ్రుతిదే పైచేయి అని శాస్త్రం. ఇక్కడ తలకిందులు. వెయ్యి పేజీలు దాటిన మాన్యువల్ ఏం చెప్పినా ఎరాటాలోని రెండు వాక్యాలదే గెలుపు.

వాదం తెగే విధానం చూడండి. కారులో కంట్రోలర్లు మాట్లాడుకునే క్యాన్ బస్సు, బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపినది, మెలివేసిన రెండు తీగలు. రెండు కొసల్లో చెరో 120 ఓముల నిరోధం ఉండాలి. పవరు తీసి ఆ తీగల మధ్య మల్టీమీటరు పెడితే 60 రావాలి. 120 వచ్చిందా, ఒక కొసలో నిరోధం లేదు, లేదా తీగ తెగింది. 40 వచ్చిందా, ఎవరో పుణ్యాత్ముడు మూడోది తగిలించాడు. పది సెకన్ల పని. దానికి ముందు రెండు వారాల మీటింగులూ, ఇరువైపులా ముప్పయ్యేసి స్లైడ్లూ నడవడం సంప్రదాయం.

తీగ దాకా చేయి చాచే వీలులేని చోటా ఈ వృత్తి నడిచింది. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ కొన్నాళ్లకే తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. వాతావరణం చూసే చిన్నపాటి పని ఒక తాళం పట్టుకుని ఉండగా, ఆ తాళమే కావలసిన ముఖ్యమైన పని దాని కోసం నిలబడింది. ఈలోగా మధ్యస్థాయి పని ఒకటి అడ్డొచ్చి చిన్నదాన్ని కదలనివ్వలేదు. పెద్దది గడువు తప్పింది, రీసెట్ పడింది. ఇది భూమ్మీది పరీక్షల్లోనూ ఒకటి రెండుసార్లు తొంగిచూసి మాయమైనదే. జాడ రాసిపెట్టే కోడును తీసేయకుండా అంగారకుడి దాకా పంపడం వాళ్లను కాపాడింది. ల్యాబులోని జతబోర్డు మీద దోషాన్ని రప్పించి, 'తాళం పట్టుకున్నవాడికి ఎదురుచూసేవాడి హోదా ఇవ్వు' అనే ఒక్క సెట్టింగును ఇక్కడినుంచి మార్చారు. అంత దూరాన ఉన్న యంత్రంలో తప్పు కోడుదేనని తేల్చగలిగారు. మన రెండో అంతస్తు హార్డ్‌వేరుకూ మూడో అంతస్తు ఫర్మ్‌వేరుకూ మధ్య తేలదు.

నాలుగో పాదంలో పాఠాంతరం ఉంది. హెచ్ఆర్ ప్రతుల్లో 'తెలియ నేండ్లు మూడు' అని కనబడుతుంది. గణాలు దానికీ సరిపోతాయి కనుక ఛందస్సు తీర్పు చెప్పదు. అనుభవం చెబుతుంది. కాలేజీలో 1980 నాటి 8051 చిప్పు చదివి, అమీర్‌పేట కోచింగులోనో సీడాక్ కోర్సులోనో ఆర్నెల్లు కూర్చుని వచ్చినవాడికి మొదటి రెండేళ్లూ ఇంకొకరి కోడును పరీక్షించడంతోనే సరి. తరవాత డ్రైవర్ కోడు. ఆ తరవాత కార్ల భద్రతకు 2011లో మొదట వచ్చిన ఐఎస్ఓ 26262 ప్రమాణం ఎదురవుతుంది. అక్కణ్నించి సగం జీతం కోడుకు, సగం జీతం ఆ కోడు ఎందుకు రాశామో చెప్పే కాగితాలకు. రూమ్మేటు ఈలోగా వెబ్ వైపు వెళ్లి మూడు కంపెనీలు మారి కోకాపేటలో ఫ్లాటు బుక్ చేసుంటాడు. ఇతను 90 రోజుల నోటీసు పీరియడులో, అవతలి కంపెనీ అన్నాళ్లు ఆగుతుందా అని లెక్కపెడుతుంటాడు.

పదియు అన్న పాఠమే సాధువు. కారు తీగల కట్టను, అంటే హార్నెస్‌ను, చేత్తో వంచిచూసి, పన్నెండు పిన్నుల కనెక్టరులో వదులుగా ఉన్న ఏడోదాన్ని వేలితో పట్టుకునే విద్యకు రెజ్యూమెలో గడి లేదు. మూడేళ్లకు రాదు, కోర్సులో చెప్పరు. తీరా అది వచ్చిన ఏడాదే ప్రమోషను వస్తుంది. చేతిలో ప్రోబు పోయి ఎక్సెల్ వస్తుంది. బల్ల దగ్గరే ఉంటానన్నవాడికి జీతం పెంచే దారి మన కంపెనీల్లో చాలావాటికి లేదు, ఉన్నచోట దాని పేరు ఆర్కిటెక్టు. అతనికీ మధ్యాహ్నం నుంచి మీటింగులే. కాబట్టి 'తీరిపోవు' అన్నది ఏండ్లకే కాక విద్యకూ అన్వయించుకోవచ్చు.

ఛందస్సు ఆటవెలది. మూడో పాదం చివరి 'యేమొ' పాదపూరణం కోసం ఇరికించిన వ్యర్థపదమని ఒక ఆక్షేపణ. ఆక్షేపించినవారు సోమవారం ఉదయం డిఫెక్ట్ రివ్యూలో కూర్చొని ఉండరు. అక్కడి షీటులో రూట్‌కాజ్ అని ఒక గడి ఉంటుంది. ఇంజినీరు దగ్గర ఆ వేళకు నిజాయితీగా ఉన్న సమాధానం ఈ ఒక్క మాటే. గడిలో మాత్రం 'విశ్లేషణ జరుగుతోంది, శుక్రవారంలోగా' అని నింపుతారు. క్లయింటు దాన్ని చదివి 'ధన్యవాదాలు' అని జవాబిస్తాడు.