సైడ్ స్టాండా, సెంటర్ స్టాండా?

"బడి బ్రహ్మాండంగా ఉందబ్బాయ్!"

మూడు వారాలుగా ఈ ఒక్క మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. సర్పంచి అన్నాడు. కిరాణా కొట్టాయన పప్పు తూస్తూ అన్నాడు. మా పెదనాన్నయితే రెండుసార్లన్నాడు. "మరి నీ మనవణ్ణి ఎక్కడ వేశావు పెదనాన్నా?" అని అడిగేసరికి మాత్రం, ఎక్కడో మబ్బు కనబడి, కల్లంలో శనగలు ఆరబోసిన సంగతి గుర్తొచ్చి, కండువా దులుపుకుని లేచిపోయాడు. నేను కూడా పైకి చూశాను. మబ్బూ లేదు, గిబ్బూ లేదు.

మనవడెక్కడున్నాడో ఊరందరికీ తెలుసు. పొద్దున ఏడుంబావుకల్లా మా వీధి మొగలో పసుపురంగు బస్సు వచ్చి హారను కొడుతుంది. బ్రహ్మాండమైన బడి ఉన్న ఊళ్లోని పిల్లలందరూ టై కట్టుకుని, కళ్లు నులుముకుంటూ, నోట్లో ఇడ్లీ ముక్కతో అందులో ఎక్కి ఒంగోలు పోతారు. హోటలు బ్రహ్మాండం అంటూ పక్క హోటల్లో భోంచేసేవాణ్ణి మీరెక్కడైనా చూశారా? మా ఊరు రండి, చూపిస్తాను.

నా ఉద్యోగానికి కంప్యూటరూ కరెంటూ ఉంటే చాలన్నారు కాబట్టి, జూన్‌కల్లా మియాపూర్ ఫ్లాటు ఖాళీ చేసి నాన్న కట్టిన ఇంట్లోకి వచ్చేద్దామని ఆలోచన. అమ్మాయి మూడులోకి, అబ్బాయి ఒకటిలోకి. బడి సంగతి ముందు తేల్చుకు రమ్మని మా ఆవిడ నలభై ఒక్క ప్రశ్నలు ఎక్సెల్ షీటులో వేసి పంపింది. పదిహేడోది: "స్టెమ్‌కి సదుపాయం ఉందా?" బడి ఆవరణలో వేపచెట్టుంది, దాని స్టెమ్ ఇద్దరు చేతులు కలిపినా అందనంత లావుంది అని రాశాను. ఆ రాత్రి వీడియో కాల్ రాలేదు.

కాగితాల మీద చూస్తే బడికి వంక పెట్టే పని లేదు. పదకొండంకెల యూడైస్ నంబరుంది. మరుగుదొడ్లు, ఉన్నాయి. తాగునీరు, ఉంది. ప్రహరీ, ఉంది. గ్రంథాలయం కూడా ఉంది. ఒక ఇనప బీరువా, దాని తాళం. ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి: 2019 నవంబరు 14న మా పక్క ఒంగోల్లోనే మొదలుపెట్టిన 'నాడు-నేడు' పుణ్యమా అని గోడలకి రంగులు, గదికో గ్రీన్ బోర్డు, తలమీద ఫ్యాన్లు వచ్చాయి. మా చిన్నప్పుడు వాన పడితే ఈ బడికి సెలవు. లోపలా బయటా ఒకేలా తడిసేది కనక.

టీకొట్టు బాబాయ్ మాత్రం ఇవన్నీ చప్పరించేశాడు. "గోడలకేం అబ్బాయ్, డబ్బులిస్తే ఎవడైనా రంగేస్తాడు. సారు బండి చూడు."

"బండేంటి బాబాయ్?"

"సైడ్ స్టాండేశాడా, సెంటర్ స్టాండేశాడా అని. సైడ్ స్టాండంటే మనిషింకా బండి దిగనట్టే లెక్క. ఫోనొస్తే పోతాడు. సెంటర్ స్టాండుకి కాలితో తొక్కిపట్టి, వెనక్కి లాగి, నడుము పట్టేసేంత పని. అంత కష్టపడ్డవాడు నాలుగింటిదాకా కదలడు."

నలభై ఒక్క ప్రశ్నల్లో ఇది లేదు! మర్నాటి నుంచీ తొమ్మిదిన్నరకి టీకొట్టు బల్ల మీద నేను హాజరు. సోమవారం, హెడ్మాస్టరుగారి పాత బండి సెంటర్ స్టాండు. గుండె నిండింది. మంగళవారం, సైడ్ స్టాండు. కుంగిపోయాను. "అది లెక్కలోకి రాదు," అన్నాడు బాబాయ్. "రాత్రి జల్లు పడింది, నేల మెత్తగుంది. స్టాండు కింద చపటా రాయి పెట్టాడు చూడు. రాయి వెతుక్కున్నవాడు ఉండేవాడే." బుధవారం సెంటర్ స్టాండే గానీ, పక్కనే నీడుండగా బండి ఎండలో పెట్టాడు. ఇదేం ఖర్మ అనుకున్నాను. బాబాయ్ నా వంక జాలిగా చూశాడు. "పొద్దున్నే నీడలో పెట్టినవాడు పదకొండింటికి పోయేవాడు. ఎండలో పెట్టాడంటే, మధ్యాహ్నానికి నీడ అక్కడికొస్తుందని తెలిసినవాడు. పూర్తి రోజు లెక్కేసుకు వచ్చాడన్నమాట." నేను టీ చల్లారబెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. రెండున్నరకి వేపనీడ మెల్లిగా జరిగొచ్చి బండి సీటు మీద పడింది. ఒళ్లు జలదరించింది.

మరి టీచరమ్మ? ఆవిడ టౌను నుంచి షేర్ ఆటోలో వస్తుంది. ఆటోకి స్టాండు లేదు. "క్యారేజీ చూడాలి," అన్నాడు బాబాయ్ తడుముకోకుండా. "మూడు గిన్నెలైతే మనిషి సాయంత్రం దాకా ఉంటుంది. చిన్న డబ్బా ఒక్కటే అయితే టిఫిను." ఆవిడది మూడు గిన్నెలు, పైగా మజ్జిగ సీసా. మరి ఇప్పటి కుర్రసార్ల బళ్లకి కొన్నిటికి సెంటర్ స్టాండే రావట్లేదు కదా అన్నాను, ఇరికిద్దామని. బాబాయ్ మొదటిసారి నిట్టూర్చాడు. "కంపెనీవాడే పీకేస్తే సారేం చేస్తాడబ్బాయ్? దేశమే అట్లా పోతుంది." ఇప్పుడు మాస్టర్లు ఫోనులో మొహం చూపించి హాజరు వేసుకోవాలి కదా, ఈ బళ్ల లెక్కలెందుకు అన్నాను. "మొహం బళ్లో ఉందని ఫోను చెబుద్ది. మనసెక్కడుందో బండే చెప్పాలి," అని గ్లాసులు కడుక్కోవడానికి వెళ్తూ వెళ్తూ, నా స్కూటరు వంక ఓసారి చూసి ఊరుకున్నాడు. సైడ్ స్టాండు.

మొత్తానికి బళ్లోకి వెళ్లాను. ఐదు తరగతులకీ కలిపి ఇరవైమూడు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో అరవై మంది దాకా ఇద్దరు చాలు. పిల్లల్ని చూస్తే చక్కని లెక్కే. తరగతుల్ని చూస్తే ఐదుని రెండుతో భాగించాలి. అందుకని ఒకటీ రెండూ ఒక గది, మిగతా మూడూ ఒక గది. ఇద్దరిలో ఒకరు ఓటర్ల జాబితా పని మీదో ట్రైనింగుకో వెళ్తే ఐదు తరగతులకీ ఒకే గొంతు. పుస్తకాలు రెండు భాషల్లో ఎదురెదురు పేజీలు: ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఎలిఫెంటు. పిల్లలు మాత్రం ఏ పేజీ బొమ్మ పెద్దగా ఉంటే ఆ పేజీ చూస్తున్నారు.

ప్రథమ్ సంస్థవాళ్లు 2005 నుంచి 'అసర్' అని ఒక సర్వే చేస్తుంటారు. ఇంటికొచ్చి పిల్లల చేత అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. ఏ బడిపిల్లలైనా ఒకటే కాగితం. నేనూ ఒక కథ రాసుకుని తీసుకెళ్లాను. మూడో తరగతి పిల్ల ఒకతి వేలుపెట్టి, మధ్యలో రెండుసార్లు ముక్కు తుడుచుకుని, చివరిదాకా చదివేసింది. పక్కవాడు మాటల దగ్గరే ఆగిపోయాడు. సాయంత్రం పసుపుబస్సు దిగిన మా పెదనాన్న మనవడికి అదే కాగితమిస్తే, "ఇది సిలబస్‌లో లేదు" అన్నాడు. ఉత్సాహం ఆపుకోలేక రాత్రి వీడియోలో మా అమ్మాయికీ చూపించాను. ఏడాదికి లక్ష పైచిలుకు కట్టి చదివిస్తున్న పిల్ల "నాన్నా, ఈ 'క్ష' ఏంటి, బొమ్మా?" అంది. ఈ ఫలితాన్ని ఎక్సెల్ షీటులో ఎక్కించలేదు.

చేర్పించడానికి ఏం కావాలని హెడ్మాస్టరుగార్ని అడిగాను. "అక్కడి బడివాళ్లు ఆన్‌లైన్లో మీ అమ్మాయిని డ్రాప్ బాక్సులో వెయ్యాలండీ. అప్పుడు మేం తీసుకుంటాం." ఉత్తరంలాగా పిల్లని డబ్బాలో వెయ్యడమేంటని నేను ఆలోచిస్తుండగా ఆయన గొంతు తగ్గించాడు. "మీ ఇద్దరూ వస్తే ఇరవైఐదవుతారండీ. ఏటా ఇద్దరు ముగ్గురు తగ్గిపోతున్నారు. రోలు పడిపోతే పోస్టు పోతుంది." కాసేపాగి, "నేను మీ నాన్నగారి దగ్గరే అ ఆలు దిద్దుకున్నానండీ, ఈ గదిలోనే," అన్నాడు.

మీ పిల్లలెక్కడ చదువుతున్నారండీ అన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చి ఉంది. నలభై రెండోది, నేను సొంతంగా కలుపుకున్నది. అడగలేకపోయాను.

మా నాన్న ఈ బళ్లో పదకొండేళ్లు చేశాడు. ఆయన సైకిలు అదే వేపచెట్టు కింద ఉండేది, స్టాండు వేసి, తాళం వేసి. పొద్దున్నే నన్ను పన్నెండుమంది పిల్లలున్న ఆటోలో టౌను కాన్వెంటుకి ఎక్కించి, నా క్యారేజీ జారకుండా తాడు బిగించి, అది మలుపు తిరిగేదాకా చూసి, తర్వాత వచ్చి వీళ్లకి పాఠం చెప్పేవాడు. ఎందుకలా చేశావు నాన్నా అని ఎప్పుడూ అడగలేదు. అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచింది గానీ, ఫోటోని అడిగితే ఏం చెబుతుంది?

రాత్రి మా ఆవిడ ఫోను. "నలభై ఒకటీ అడిగారా?"

"అడిగాను."

"మరి బడెలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది."

"అయితే వేసేద్దామా?"

"ఇక్కడ మబ్బేసినట్టుంది," అన్నాను. "కరెంటు పోయేలా ఉంది, మళ్లీ చేస్తాను."