ఎవరి పడవ వెడల్పు వారికి ముద్దు

పడవల జాతరకు చోటు చూసేటప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది భోజనాల సంగతి కాదు; వచ్చేవాటిలో అన్నిటికన్నా వెడల్పాటి పడవ ఎన్ని అడుగులన్నది. పొడవు ఎంతున్నా ఒడ్డున ఎలాగో సర్దుకుంటుంది. వెడల్పు మాత్రం లాకు గోడల మధ్య పరువు తీస్తుంది. పైగా యజమాని చెప్పే కొలతలో పడవ పక్కన వేలాడే టైర్లు ఎన్నడూ చేరవు. అనుభవమున్న కమిటీ ఆ అంకెకు తనంతట తానే ఓ అడుగు కలుపుకుంటుంది.

ఈ చిక్కుకు పుట్టినిల్లు ఇంగ్లండ్. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అక్కడి మధ్య ప్రాంతపు కాలువలకు సుమారు 7 అడుగుల లాకులు కట్టించాడు. వేరే కాలువలకు 14 అడుగులవి వచ్చాయి. ముచ్చటపడి పదడుగుల పడవ కొన్నాయన ఇరుకు లాకు ముందు, గుమ్మంలో పట్టని కొత్త బీరువాలా నిలబడిపోవాల్సిందే. 1950 ఆగస్టులో ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ తన జాతరను మార్కెట్ హార్బరోలో జరిపింది. ఆ ఊరికి లెస్టర్ వైపు నుంచి వెడల్పు లాకులు, దక్షిణం నుంచి ఫాక్స్‌టన్ దగ్గర పది ఇరుకు లాకుల వరస. బొద్దు పడవలకు ఒక దారి, బక్క పడవలకు రెండు దారులూ.

గోదావరి జిల్లాలవారికి లాకులు కొత్త కావు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ కాలువలు చేలకు నీళ్లతో పాటు పడవలకు బాటా ఇచ్చాయి. కాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే మాత్రం సన్న పడవకీ వెడల్పు పడవకీ సమాన మర్యాదే: రెండూ కదలవు.

దోహాకు ఉత్తరాన ఉన్న లుసైల్‌లో జాతర పెడితే లాకుల బెంగా లేదు, గుర్రపుడెక్క బెంగా లేదు. ఖతార్‌లో నదే లేదు. ఈ 38 చదరపు కిలోమీటర్ల కొత్త నగరం ఒడ్డున ఉన్నది సముద్రపు నీరే. లాకు లేదు కనుక వెడల్పు గొడవ తీరిందనుకోవడం తొందరపాటు. మెరీనాలో ప్రతి పడవకూ కేటాయించే చోటుకు పొడవుతో పాటు అడ్డం కొలత కూడా ఉంటుంది. జంట దోనెల కాటమరాన్ దర్జాగా వచ్చి ఇద్దరి చోటు ఆక్రమిస్తుంది. వంతెనల కింద దూరాలంటే తెరచాప స్తంభం ఎత్తు కూడా చూడాలి. శమాల్ గాలి వీస్తే ఎత్తైన పడవ పక్కింటివారి మీద వాలుతుంది. దక్షిణాన కతారాలో 2011 నుంచి జరుగుతున్న ధౌ పడవల పండుగకు వేదిక కాలువ కాదు, సముద్రతీరం.

కాబట్టి లుసైల్‌లో జాతరకు పద్ధతి ఇలా ఉండాలి: వెడల్పు పడవలు మెరీనా ముఖద్వారం దగ్గర, సన్నవి లోపల, కయాక్‌లు ఇసుక మీద. చోటు చాలకపోతే ఒకదాని పక్కన ఒకటి కట్టాలి. అయితే అందరికంటే ముందు బయల్దేరాలనేవాడి పడవ తప్పకుండా గట్టు వైపే ఇరుక్కుంటుంది. అందుకే దరఖాస్తులో వెడల్పు పక్కనే తిరుగు ప్రయాణపు వేళ కూడా రాయించుకోవాలి.