దంతోత్పాటనానంతర గృహవిశ్రాంతి పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక:
జ్ఞానదంతం సాధారణంగా 17–25 ఏళ్ల మధ్య మొలుస్తుంది. దవడలో చోటు చాలక అది అడ్డం తిరిగితే చిగురు కోసి తీయవలసి రావచ్చు. తీయడం డాక్టరు వంతు, మాన్పుకోవడం రోగి వంతు. ఆ రెండో వంతును విధించేది ఈ ఆటవెలది.

పద్యం:
దూది కరచి యుండు తొలిగంట కదలక
మింగు గాని యుమియ మేలుగాదు
పెరుగు బువ్వ చలువ పెద్ద దిండెత్తుగా
నుప్పునీట రేపు తప్పు నొప్పి

ప్రతిపదార్థం:
(ఓ రోగీ! అని అధ్యాహారం.) తొలిగంట = మొదటి గంటసేపు; దూది = డాక్టరు గుంట మీద ఉంచిన దూది ఉండను; కరచి = గట్టిగా నొక్కిపట్టి; కదలక = రక్తం ఆగిందో లేదోనని మాటిమాటికీ తీసి చూసుకోక; ఉండు = ఉండుము; మింగు = ఊరిన ఉమ్మిని మింగుము; కాని = అంతేగాని; ఉమియన్ = ఉమ్ముట; మేలు కాదు = కీడని భావం; పెరుగు బువ్వ = మెత్తగా పిసికిన పెరుగన్నం; చలువ = హాయినిచ్చును; పెద్ద దిండు = తలగడ; ఎత్తుగాన్ = తల గుండె కంటే పైన ఉండేటట్లు (అమర్చుకొనుము); రేపు = 24 గంటలు గడిచాక; ఉప్పునీటన్ = గ్లాసు గోరువెచ్చని నీటిలో అర టీస్పూను ఉప్పు కలిపి, దానితో; నొప్పి తప్పు = బాధ తొలగును.

తాత్పర్యం:
పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా నిలిచి, అడుగున ఉన్న ఎముకను, నరాలను కాపాడుతుంది. ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, గట్టిగా పుక్కిలించినా ఆ గడ్డ ఊడవచ్చు. ఊడితే ఎముక బయటపడి, రెండు మూడు రోజులకు చెవిదాకా పాకే నొప్పి మొదలవుతుంది. దీనినే డ్రై సాకెట్ అంటారు. గడ్డను కదిలించకపోవడమే విశ్రాంతి అని పిండితార్థం.

విశేషాలు:
ఇందులో నాయకుడు రక్తపు గడ్డ. అతని పేరే ఎత్తకపోవడం ధ్వని. ప్రతినాయకులు స్ట్రా, సిగరెట్టు, గుట్కా. బుగ్గ వాపు రెండు మూడు రోజులకు పతాకస్థాయికి చేరుతుంది గనుక, రోగికి కరుణరసం, చూడవచ్చిన బంధువులకు హాస్యరసం. మొదటి రోజు ఐసును గుడ్డలో చుట్టి బుగ్గ మీద 15–20 నిమిషాలు ఉంచి, అంతేసేపు తీసి, మళ్లీ ఉంచుతుంటే రెండు రసాలూ కొంత శమిస్తాయి. నాలుగో పాదంలో ప్రాసయతి. అక్కడ చెప్పిన ఉప్పునీటిని నోట నింపి, తల అటూ ఇటూ వంచి, మెల్లగా జారవిడవాలి.

పూర్వపక్షం: పెరుగన్నానికీ ఆవకాయకూ నిత్యసంబంధం, కాబట్టి ఒకటి విధిస్తే రెండోదీ విధించినట్టే అని కొందరు. ఆ వాదం నిలవదు. కారం పుండును మండిస్తుంది, ఆవపిండి గుంటలో చిక్కుతుంది. జంతికలకు, చేగోడీలకు ఇదే నిషేధం. ఐస్‌క్రీం మాట పద్యంలో లేదనేవారికి సమాధానం: అది ‘చలువ’లోనే ఇమిడి ఉంది. అయితే చెంచాతో, కోను లేకుండా, జీడిపప్పు లేకుండా తినాలి. చల్లార్చిన రాగిజావ, పాలలో నానిన ఇడ్లీ ఉపలక్షణంగా గ్రాహ్యం. వేడి కాఫీ మొదటి రోజు నిషిద్ధం. చల్లారినది కాఫీయే కాదన్న ఆక్షేపణ వైద్యశాస్త్ర పరిధిలోనిది కాదు.

అనుక్తాలు: మత్తు దిగకముందు తింటే పెదవి, నాలుక కొరుక్కునే ప్రమాదం ఉంది. నొప్పి మాత్ర డాక్టరు రాసిన వేళకే వేసుకోవాలి. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్‌ను నొప్పికని సొంతంగా మింగితే రక్తస్రావం పెరగవచ్చు.

అపవాదం: రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, మూడో రోజు దాటాక వాపూ నొప్పీ పెరిగినా, మింగడం గాని ఊపిరి తీసుకోవడం గాని కష్టమైనా ఈ పద్యం వర్తించదు. వెంటనే డాక్టరును చూడాలి.

ఫలశ్రుతి: ఈ అర్థమెరిగి నడుచుకున్నవారిలో చాలామంది వారం పది రోజుల్లో మామూలు భోజనానికి వస్తారు. ఆవకాయ అంతవరకు జాడీలో చెడిపోదు.