ఆటవెలది టెండరు: టీకా తాత్పర్య సహితము

అవతారిక

గుంటూరు నుంచి నల్లమల దాటి గుంతకల్లు చేరే 401 కిలోమీటర్ల రైలు దారికి రెండో లైను, కరెంటు తీగలు 2016-17లో మంజూరయ్యాయి. దొనకొండ, మార్కాపూర్ రోడ్, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట ఈ దారిలోని స్టేషన్లే. దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా సాగవలసిన నడికుడి–శ్రీకాళహస్తి లైను 2011-12 నాటి మంజూరు. ఇటువంటి పనులకు కొనే సామగ్రి ఏ దేశపుదై ఉండాలో చెప్పే ఉత్తర్వులు రెండున్నాయి. ఒకటి 2017 మే 8న ఉక్కు మంత్రిత్వ శాఖ ప్రకటించిన దేశీయ ఉక్కు విధానం. రెండోది అదే ఏడాది జూన్ 15న వచ్చిన ‘మేక్ ఇన్ ఇండియా’ కొనుగోళ్ల ఉత్తర్వు. గుత్తేదార్లు, ఆడిటర్లు తప్ప వీటిని పారాయణ చేసేవారు లేరు. కనుక సారాన్ని ఒక ఆటవెలదిలో ఇరికించి పశ్చిమ ప్రకాశం వాసుల ముందు పెడుతున్నాం. కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు చేసిన సేవ టెండరు నోటీసుకూ ఎవరో ఒకరు చేయాలి గదా.

మూలము

నేల సరకు లుండ నీరేల దాటంగ
లేకపోయెనేని లేఖ నిమ్ము
చిన్న బేరమునకు చిక్కు లే దెన్నడు
సంతకంబు లేని సరకు దొంగ

ప్రతిపదార్థము

నేల సరకులు = ఈ దేశమున తయారైన పట్టాలు, స్లీపర్లు, తీగలు మొదలగునవి; ఉండన్ = దొరకుచుండగా; నీరు = సముద్రమును; దాటంగన్ ఏల = దాటుట ఎందులకు?; లేకపోయెనేని = ఇచ్చట దొరకనిచో; లేఖన్ = మినహాయింపు కోరు అర్జీని; ఇమ్ము = సమర్పింపుము; చిన్న బేరమునకు = 5 లక్షల రూపాయల లోపు కొనుగోలునకు; ఎన్నడు = ఏనాడును; చిక్కు లేదు = ఈ నియమబాధ లేదు; సంతకంబు లేని = ధ్రువపత్రము లేనట్టి; సరకు = సామగ్రి; దొంగ = దొంగసొత్తుతో సమానము.

తాత్పర్యము

ప్రజల సొమ్ముతో కొనేటప్పుడు స్వదేశీ సరకే కొనాలి. దొరక్కపోతే కారణం రాసి అనుమతి తెచ్చుకోవాలి. చిల్లర కొనుగోళ్లను చట్టం పట్టించుకోదు. స్వదేశీ అని నోటితో అంటే చాలదు, కాగితం చూపాలి.

విశేషములు

మొదటి పాదము. ‘నేల సరకు’ అనడానికి కొలత ఉంది. సరకు విలువలో 50 శాతం, ఆపైన దేశంలోనే సమకూరితే అమ్మేవాడు మొదటి తరగతి స్థానికుడు. 20 నుంచి 50 లోపు అయితే రెండో తరగతి. 20కి తగ్గితే స్థానికేతరుడు. పైగా 200 కోట్ల దాకా విలువున్న పనులకు మామూలుగా ప్రపంచ టెండరు పిలవకూడదని 2020లో ఇంకో కట్టుబాటు చేశారు.

ఇక్కడ చరిత్రకారులు ఒక వైపరీత్యాన్ని గమనించాలి. 1880లలో ఈ దారిని మీటరుగేజిగా వేసిన రోజుల్లో నీరు దాటి రావడమే నియమం. దేశంలో ఉక్కు పట్టాలు పోసే కార్ఖానా లేదు. నల్లమలలో దొరబావి వంతెన లేచిన కాలం అది. గేజి మారాక 1990లలో ఆ వంతెనను విప్పేశారు. ఆనాటి మినహాయింపు స్వదేశీ, ఈనాటి మినహాయింపు విదేశీ. సూత్రం తలకిందులు కావడానికి నూరేళ్లు పైనే పట్టింది.

రెండో పాదము. పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. ఉక్కు విధానం లేఖను రెండే కారణాలకు అంగీకరిస్తుంది: కావలసిన రకం దేశంలో తయారు కాకపోవడం, కావలసినంత పరిమాణం ఇక్కడ దొరక్కపోవడం. మెట్రోలకు వాడే, తల గట్టిపరచిన పట్టాలు చాలాకాలం విదేశాల నుంచి వచ్చింది మొదటి కారణం చేతనే.

రెండో కారణానికి ఉదాహరణ. రైల్వేకు పట్టాలు పోసేది దశాబ్దాలుగా భిలాయి కర్మాగారం. పాత పట్టాల మార్పిడి జోరందుకున్నాక భిలాయి ఉత్పత్తి చాల్లేదు. 2017లో రైల్వే దాదాపు 7 లక్షల టన్నులకు ప్రపంచ టెండరు పిలిచింది. 2018లో ఆ టెండరు కింద ఆర్డరు దక్కినవారిలో రాయగఢ్‌లో పట్టాలు చేసే జిందాల్ సంస్థ ఉంది! సముద్రం అవతలికి వినపడాలని వేసిన కేక ఛత్తీస్‌గఢ్‌లో వినబడింది. దీన్నిబట్టి ‘లేదు’ అనే మాటకు ‘మనం అడగలేదు’ అనే అర్థం కూడా ఉన్నదని గ్రహించాలి.

శిష్యుడు: స్వామీ, అమెరికావారికీ ఈ లేఖ ఉన్నదా?

వ్యాఖ్యాత: నాయనా, వారి బస్సులు, మెట్రోల చట్టంలో మూడు ద్వారాలున్నాయి. ప్రజాప్రయోజనం ఒకటి, దొరకకపోవడం ఒకటి, స్వదేశీ సరకు వాడితే పని మొత్తం ఖర్చు 25 శాతానికి మించి పెరగడం ఒకటి. 2021లో తెచ్చిన మరో చట్టంలో సిమెంటునూ, రాయి, ఇసుక, కంకరలనూ నిర్మాణ సామగ్రి లెక్కలోంచే తీసేశారు. ప్రతిపాదిత మినహాయింపును కనీసం 15 రోజులు జనం ముందుంచి అభిప్రాయం అడగాలని కూడా రాశారు.

మూడో పాదము. చిన్న బేరానికి చిక్కు లేదు కదా అని పెద్ద బేరాన్ని ముక్కలు చేయరాదు. నియమం తప్పించుకోవడానికి కొనుగోలును చీల్చకూడదని ఉత్తర్వులోనే రాసి ఉంది. ఈ పాదాన్ని కంఠస్థం చేసినవారు చాలామంది. ఆ షరతు వరకు వచ్చేసరికి వారికి దగ్గు వస్తుంది.

నాలుగో పాదము. 10 కోట్లకు మించిన కొనుగోలైతే స్థానిక విలువ ఎంతో ఆడిటరు ధ్రువీకరించాలి. అంతకు లోపైతే అమ్మేవాడు రాసిచ్చిన మాటే ప్రమాణం. అబద్ధమని తేలితే రెండేళ్ల దాకా బహిష్కారం.

శిష్యుడు: పెట్టె విదేశం నుంచి వచ్చినా, రేవు నుంచి మార్కాపురం దాకా మోసింది మన లారీయే కదా! ఆ బాడుగ స్థానిక విలువ కాదా?

వ్యాఖ్యాత: కాదు. రవాణా, బీమా, బిగింపు, శిక్షణ వంటి ఖర్చులను కలిపి శాతం పెంచుకోరాదని 2021లో స్పష్టం చేశారు. నీవంటి బుద్ధిమంతులు అంతకుముందే పుట్టి ఉంటారు.

ఆక్షేపము – సమాధానము

ఆక్షేపము: ‘నేల’ అన్నారు. ఏ నేల? మార్కాపురం గనుల నుంచి పలక రాయి తీసి దేశంలోని పిల్లలకు అక్షరాలు దిద్దించాం. ఇప్పుడు అదే రాయి గోడలకు, నేలలకు పరిచే బిళ్లలై సముద్రాలు దాటుతోంది. మా స్టేషనులో పరిచే రాయి రాజస్థాన్ నుంచి వస్తే అది స్వదేశీ ఎలా అవుతుంది?

సమాధానము: అవుతుంది. ఉత్తర్వుకు నేల అంటే భారతదేశం. దాని కంటికి రాజస్థాన్ రాయీ మార్కాపురం రాయీ కవలలు. చట్టం కాపలా కాసేది సముద్రపు ఒడ్డును, మండలం పొలిమేరను కాదు. అది సబబే. ప్రతి తాలూకా తన రాయే కొనాలంటే, మార్కాపురం పలక దొనకొండ దాటేది కాదు. మరో దేశం తన నేల సరకే వాడతానని పట్టుబడితే నష్టపోయేది మన గనిలో ఉలి పట్టిన మనిషే. నీరు దాటి అమ్ముకునేవాడు నీరు దాటి కొనేవాణ్ణి మరీ తిట్టరాదు.

నిర్ణయము

మినహాయింపు పాపం కాదు. దొరకని సరకు కోసం కంభం–గిద్దలూరు మధ్య పని ఆగిపోతే స్వదేశీకి ఒరిగేదేమీ లేదు, రైలు కోసం నిలబడ్డవాడికే నష్టం. గుట్టుగా ఇచ్చిన మినహాయింపు పాపం, గడువు లేనిది మహాపాపం. ప్రతి లేఖలో మూడు సంగతులుండాలి: ఏ సరకు లేదు, ఇక్కడ ఎవరెవరిని అడిగారు, ఎన్నేళ్లలో అది ఇక్కడ తయారు కావాలి. ఆ లేఖను పని జరిగే స్టేషనులోనే గోడకు అంటించాలి. మార్కాపూర్ రోడ్‌లో రైలు కోసం చూసే పాఠకులకు మనవి: టెండరు నోటీసు కనబడితే ఒకసారి చదవండి. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా టీకా అడగండి. డబ్బు మీది కనుక అడిగే హక్కు మీకుంది.