ఆదివారం అడవి సేవ

హైదరాబాదులో ఆదివారం పొద్దున లేచి ఏం చేయాలో తోచనివాళ్ళకు కొత్త దారి దొరికింది: వన్యప్రాణి సేవ. ట్రెక్కింగ్ పాతబడింది. మొక్కలు నాటడంలో గుంత తవ్వే పనుంది. అనాథాశ్రమానికి పోతే, మళ్ళీ ఎప్పుడొస్తారని పిల్లలు అడుగుతారు. మూగజీవాలతో ఆ ఇబ్బంది లేదు. టీషర్టు మీద పులిబొమ్మ, మెడలో ఐడీ కార్డు, ఒక చేతిలో పాలసీసా, ఇంకో చేతిలో ఫోను. చివర్లో సర్టిఫికెట్. దాన్ని అమెరికా యూనివర్సిటీ దరఖాస్తుకు జోడిస్తే, ఆ జంతువు ఆ తర్వాత ఏమైందని అక్కడ అడిగేవాళ్ళుండరు.

కొండపోచమ్మ సాగర్ కట్ట పక్క ఊరు మర్కూక్‌కు ఇటువంటి సేవాకేంద్రం ఇంకా రాలేదు. అయినా సేవకు లోటేమీ లేదు. 2020 మే 29న పంపులు ఆన్ చేసి గోదావరి నీళ్ళను కొండపోచమ్మ సాగర్‌లోకి ఎత్తిపోసినప్పటి నుంచి కట్ట మీదికి కార్లు మొదలయ్యాయి. పదిహేను టీఎంసీల జలాశయం చూద్దామని బయల్దేరినవాళ్ళకు దారిలో కోతులు కనబడతాయి. జాలి పుడుతుంది. కారు ఆగుతుంది, అద్దం దిగుతుంది, అరటిపండు బయటికొస్తుంది. ఫోను అంతకంటే ముందే వచ్చి ఉంటుంది.

ఆదివారం సేవ పొందిన కోతికి సోమవారం కూడా ఆకలేస్తుంది. సోమవారం కార్లుండవు, ఊరుంటుంది. మనిషి చేతిలో తిండి ఉంటుందని, మనిషి ఏమీ అనడని నేర్పింది సేవకులే కదా, ఆ చదువుతోనే అది ఇంటి పెంకులు తీసి వంటింట్లోకి దిగుతుంది. టమాట తోటలో దాని పనితనం చూడాలి. కాయ తెంపుతుంది, ఒక్క కాటు వేస్తుంది, మొహం చిట్లించి పారేస్తుంది, పక్కది అందుకుంటుంది. సాలు చివరికి వచ్చేసరికి కడుపు నిండిందో లేదో గాని రైతు పంట మాత్రం నిండా పోతుంది. చేను చుట్టూ పాతచీరలు కట్టిచూశారు. పైపులో కార్బైడు వేసి ఢామ్మని పేల్చిచూశారు. నాలుగు రోజులు బెదిరిన కోతులు, అయిదో రోజు ఆ మోత భోజనానికి పిలుపనుకున్నాయి. కొండముచ్చును అద్దెకు తెచ్చి తిప్పిన ఊళ్ళున్నాయి, అద్దెకు దొరకనివాళ్ళు దాని బొమ్మను ఫ్లెక్సీ వేయించారు. ఎన్నికల ఫ్లెక్సీలకు కూడా జడవని జాతి అది, దీనికి జడుస్తుందా?

దారి పక్కన అరటిపండ్లు పంచుతున్న అమ్మాయిని గడ్డిమోపు ఎత్తుకున్న ముసలమ్మ ఒకామె నిలబడి అడిగింది: "ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"పాపం, ఆకలిగా ఉన్నాయమ్మా."

"గట్లయితే మీ ఇంటికి కొంచవోరాదు బిడ్డా, దినాం పెట్టుకుందువు."

అమ్మాయి నవ్వి, ముసలమ్మను కూడా ఫొటో తీసుకుంది.

సర్కారు ఏమీ చేయలేదని అనలేం. 2015లో హరితహారం మొదలైనప్పుడు వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె అన్నారు. వానల సంగతి వాతావరణ శాఖ చూసుకుంటుంది. కోతులు మాత్రం ఆ పిలుపును వినిపించుకున్న దాఖలా లేదు. 2020 డిసెంబరులో నిర్మల్ జిల్లా చించోలి (బి) దగ్గర గండి రామన్న హరితవనంలో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. పట్టుకురావడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం, కోలుకున్నాక వదిలేయడం అక్కడి పని. ఇందులో పాలసీసా లేదు, ఒళ్ళో పడుకోబెట్టుకోవడం లేదు. ఆదివారం సేవకు ఈ కేంద్రం బొత్తిగా పనికిరాదు. ఇక అంత దూరం మోయలేని ఊళ్ళ పునరావాస పద్ధతి వేరు. చందాలేసుకుని పట్టేవాళ్ళను పిలిపిస్తారు. బోనెక్కిన కోతులు రాత్రికి రాత్రి వేరే ఊరి పొలిమేరలో దిగుతాయి. తెల్లారాక ఆ ఊరూ చందా మొదలుపెడుతుంది.

కోతి కరుస్తుంది గనుక దాని సేవ కారు అద్దం వరకే. ముట్టుకోదగ్గ జీవాల గతి ఇంకా ఘోరం. వరికోత మిషను తిరిగిన మడిలో కుందేలు పిల్ల కనబడుతుంది. అయ్యో, తల్లి లేదు! తల్లి ఉంది. పిల్లను గడ్డిలో దాచి, వాసన పట్టే నక్కలు అటు రాకుండా పగలంతా దూరంగానే ఉండి, పొద్దుగూకాక వచ్చి పాలిచ్చిపోవడం దాని పద్ధతి. ఆ సాయంత్రం అది వచ్చేసరికి పిల్ల కొంపల్లి అపార్టుమెంటులో ఆవుపాలు తాగి విరేచనాలతో పడి ఉంటుంది. గూట్లోంచి జారిన పక్షిపిల్లకు డ్రాపరుతో గొంతులో నీళ్ళు పోసేవాళ్ళున్నారు. ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రీలు అంతలోపలే అయిపోతుంది గనుక చూసినవాళ్ళకు ఆ సంగతి తెలియదు.

చట్టం కూడా విచిత్రమైనదే. 2024 ఆగస్టులో సిరిసిల్ల జిల్లా తంగళ్ళపల్లిలో నెమలికూర పేరుతో యూట్యూబులో వీడియో పెట్టినతను అరెస్టయ్యాడు. సబబే. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అన్నదాంట్లో చంపడంతో పాటు పట్టుకోవడాన్ని, పక్షి గుడ్లను కదిలించడాన్ని కూడా కలిపింది. పొలంగట్టు మీది నెమలిగుడ్లు తెచ్చి కోడి కింద పొదిగించి, పిల్లలకు పేర్లు పెట్టి రీలు చేసే దయామయుడికి లైకులు పడతాయి. కూర వండినతనికీ ఇతనికీ పుస్తకంలో నేరం ఒకటే, మసాలాయే తేడా.

ఈ జబ్బు మనతోనే పుట్టలేదు. దక్షిణాఫ్రికాలో తల్లిలేని సింహం పిల్లలకు పాలు పట్టండని డాలర్లు కట్టించుకుని వాలంటీర్లను చేర్చుకున్నారు. తల్లి లేకపోవడమేం, పాలు పట్టేవాళ్ళ కోసం పిల్లలను తల్లి నుంచి వేరు చేశారు. పెరిగినవి కంచె లోపల తుపాకీ పట్టుకున్న ధనవంతుడి ముందుకు పోయేవి. మనిషిని చూస్తే పాలసీసా గుర్తొచ్చే సింహం పారిపోదు కదా. థాయ్‌లాండులో పులుల గుడి అని పేరుబడ్డ చోట 2016లో అధికారులు దిగి 137 పులులను తరలించారు. అక్కడి ఫ్రీజరులో 40 పులిపిల్లల శవాలు దొరికాయి. అంతకు ముందు దాకా అక్కడ కూడా అందరూ సేవే చేశారు.

అసలు సేవకులు లేరా అంటే ఉన్నారు. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు 1995 నుంచి, ఫోనొస్తే వేళాపాళా చూడకుండా పోయి పామును పట్టి తెస్తున్నారు. ముందు నేర్చుకోవాలి, తర్వాతే పట్టుకోవాలి. ఏ మంచి కేంద్రంలోనైనా వాలంటీరు పని గుమ్మడికాయలు కోయడం, పెంటలు ఎత్తడం, బోన్లు కడగడం. జంతువుతో ముచ్చట్లుండవు, తలుపు సందులోంచి గిన్నె తోసి మెల్లగా వెనక్కి రావడమే. అది మనిషిని ఎంత తొందరగా మరిచిపోతే అంత తొందరగా అడవికి పోతుంది. ఆర్నెల్లు చాకిరీ చేసినవాడు ఎదురుపడితే అది గుర్తుపట్టకుండా పారిపోవాలి. జీతం లేదు సరే, ఈమాత్రం కృతజ్ఞత కూడా లేని ఉద్యోగానికి ఆదివారం ఎవరొస్తారు?

మాటలో మాట. ఇదే కొండపోచమ్మ సాగర్ కింద మునిగిన బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి జనం ఊళ్ళు ఖాళీ చేసి తునికి బొల్లారం కాలనీకి పోయారు. వాళ్ళు తలుపులు, దూలాలు ఊడదీసి ట్రాక్టర్లకెత్తుకున్న రోజుల్లో పులిబొమ్మ టీషర్టులు ఈ దిక్కు రాలేదు. వాళ్ళకు నోరుండడం పెద్ద లోపమైపోయింది.

అయినా సేవ చేసి తీరుతామనే పట్టుదల ఉంటే మర్కూక్‌లో ఖాళీలకు కొదవ లేదు. మక్కకంకి పాలు పట్టే రోజుల్లో రండి. తెల్లారకముందే మంచె ఎక్కి, పొద్దుగూకేదాకా డబ్బా కొడుతూ కూర్చోవాలి. జాలిపడొద్దు, రాయి కూడా విసరొద్దు, వాటి కళ్ళలోకి అసలే చూడొద్దు. ఒంటికో రెంటికో దిగాలంటే ముందు పక్కచేను వాళ్ళను కేకేసి మంచె అప్పజెప్పాలి. ఫొటోలు మీ ఇష్టం. సద్ది మాత్రం ఇంటి నుంచే కట్టుకుని రావాలె, అదీ పైకి కనబడకుండా.