పదో సైకిలు

నాన్న పోయి ఏడాది నిండింది. ఆయన పేరున మా భట్టిప్రోలు బడిలో పదిమంది ఆడపిల్లలకు సైకిళ్లు ఇద్దామనుకున్నాను. దూరం నుంచి నడిచొచ్చే పిల్లల పేర్లు బడివాళ్లే రాసిచ్చారు. సైకిళ్లు తెనాలిలో కొన్నాను. క్యారేజీలు, ముందు బుట్టలు విడిగా తీసుకుని, నా చిన్నప్పటి నుంచీ మా ఊళ్లో పంచర్లు వేస్తున్న బాబాయ్‌కి బిగించమని అప్పజెప్పాను. బోల్టులు మాత్రం ఇనప సామాన్ల కొట్లో కిలో లెక్కన తెచ్చాను.

బాబాయ్ వాటిని గోనెపట్టా మీద పోసి, ఒక బోల్టుకు నట్టు ఎక్కించి వేలితో తిప్పాడు. రెండు చుట్లు తిరిగి ఆగింది.

"ఇందులో రెండు జాతులున్నాయి అబ్బాయ్. ఇంచి మర కొన్ని, ఎమ్మెమ్ మర కొన్ని."

చూపుకు తేడా తెలియదు. ఇంచి బోల్టు అంగుళంలో పదహారో వంతులు మూడు, అంటే 4.76 మిల్లీమీటర్లు. రెండోది సరిగ్గా 5. తేడా అంతా మరల్లోనే ఉంది. ఇంచి బోల్టుకు అంగుళానికి 24 మరలుంటే, 5 ఎమ్మెమ్ బోల్టుకు దాదాపు 32. దీని నట్టు దానికి పెట్టి పానాతో బలవంతం చేస్తే ఎక్కుతుంది, గట్టిగా బిగిసినట్టే ఉంటుంది. లోపల మాత్రం మరలు చితికిపోయి ఉంటాయి.

"నట్టు వేలితో తిప్పితేనే అడుగుదాకా పోవాలి. పానా ఆఖరి బిగింపుకే," అంటూ కూర్చున్నచోటే మొత్తం ఏరి రెండు కుప్పలు చేశాడు. పొడవెక్కువైన బోల్టులను హాక్సా బ్లేడుతో కోసి, కొసలు ఆకురాయితో నున్నగా రాశాడు. నట్టు దాటి రెండు మరలు కనిపిస్తే చాలట. అంతకు మించితే పిల్లల చున్నీలు పట్టుకుంటాయట. పనిచేసే చేతికే తట్టే ఆలోచన అది.

అంతా అయ్యాక డబ్బాలోంచి తెల్లగా మెరిసే బోల్టొకటి తీసి చూపించాడు.

"స్టీలు బోల్టులు, నైలాకు నట్లు వేద్దాం. మామూలు నట్టు గతుకులకి వదులైద్ది. క్యారేజీ బోల్టు ఊడితే, పుస్తకాల బరువుకి క్యారేజీ వెనక్కి వాలి చక్రంలో పడిద్ది."

నైలాకు నట్టు లోపల నైలాను రింగుంటుంది. అది మరలను కరిచి పట్టుకుని కుదుపులకు కదలనివ్వదు. సైకిలుకు ఎనిమిది బోల్టులు, ఒక్కోదానికి అయిదు రూపాయలు ఎక్కువ. పది సైకిళ్లకు 400 రూపాయలు.

"ఇప్పటికే చాలా అయింది బాబాయ్. వీటితోనే కానిచ్చెయ్," అన్నాను.

ఆయన మారుమాట్లాడలేదు. ఆ సాయంత్రమే నాన్న ఫొటోతో ఫ్లెక్సీ వేయించాను. 600 అయింది.

మా ఊరి స్తూపంలో 1892లో బయటపడిన ధాతుపేటికల మీది అక్షరాలు, చెక్కి రెండు వేల ఏళ్లు దాటినా, ఇంకా చదవటానికి వీలుగా ఉన్నాయి. అదే ఊరి తేమకు మామూలు ఇనప బోల్టు రెండు వానాకాలాలు ఆగదు.

ఆగలేదు కూడా. మరుసటేడు సంక్రాంతికి ముందు ఊరొచ్చి బడికి వెళ్లాను. చెట్టు కింద నేనిచ్చిన సైకిళ్లు వరసగా ఉన్నాయి. తొమ్మిదింటి క్యారేజీ బోల్టులు తెల్లగా మెరుస్తున్నాయి. పదోదానికి మాత్రం ఎర్రగా తుప్పు. నాకు ఒళ్లు మండింది. పదింటికీ ఒకే సరుకు ఇస్తే ఈ ఒక్క పిల్లకు చెత్త బోల్టులు వేశాడేమిటి? ఆ కోపంతోనే కొట్టుకు వెళ్లి నిలదీశాను.

"ఆ తుప్పు పట్టినవే నువ్విచ్చినవి అబ్బాయ్," అన్నాడు బాబాయ్, చేతిలో ట్యూబు వదలకుండానే. "తక్కిన వాటికి నేను మార్చాను. నా డబ్బాలో మంచివి తొమ్మిదింటికే వచ్చాయి."

నోట మాట రాలేదు. కాసేపటికి, "మరి ఆ పిల్లనే ఎందుకు వదిలేశావ్?" అనడిగాను.

"అది మా మనవరాలి సైకిలు. రోజూ సాయంత్రం ఇంటికొచ్చాక నేను బిగిస్తా. మిగతా పిల్లల ఇళ్లల్లో పానా ఉండదు గదా."